ఇంటిక్రింద దాచిన ఎండ

వైశాఖమాసమున ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వీధియరుగు మీది నాపరాతి బండపై చేయి వేసి చూచినవారికి ఒక సంగతి తెలియును. గాలి చల్లబడినను బండ చల్లబడదు. మేడపై పండుకొనదలచినవారు సాయంకాలముననే నాలుగు బిందెల నీరు కుమ్మరించి, ఆవిరి అణగువరకు ఆగి, అటుపిమ్మట ప్రక్క వేసికొందురు. అప్పటికిని నడిరేయి దాటువరకు చాపక్రింది వేడి వీపునకు తగులుచునే యుండును. పగలు కాసిన ఎండ ఎచ్చటికిని పోలేదు. రాతిలో దాగి, రాత్రి మెల్లమెల్లగా వెలికి వచ్చుచున్నది.

తెలుగునాట ఇది బాధ. లంబసింగి వంటి మన్యపు పల్లెలను విడిచినచో, ఇచ్చట ఇంటిని చల్లబరచుకొనుటకే గాని వెచ్చబరచుకొనుటకు ధనము వెచ్చించువారు అరుదు. కాని ఈ బాధనే వరముగా కోరుకొను దేశములు కలవు. అచ్చట శీతకాలమున బావినీరు పైకి తెచ్చిన కొంతసేపటికే గడ్డకట్టును. తిండికి, బట్టకు ఎంత ముందుచూపు వలెనో ఇంటి వెచ్చదనమునకును అంత ముందుచూపు వలెను. బొగ్గు కొనలేని పేదయింట పసిబిడ్డలును వృద్ధులును ఆ చలికి బలియగుట కూడ కలదు. అట్టి దేశమున ఒక గృహస్థుడు ఎండను ఇంటిక్రింద దాచి, క్రిందినుండి గదులకు అందించిన విధమును తెలుపుటకే ఈ ప్రసంగము.

క్రిందినుండియే ఏల? వేడెక్కిన గాలి తేలికయై పైకి పోవును. గదిలో ఒక మూల పొయ్యి పెట్టినచో చెంత కూర్చున్నవాని ముఖము మాడును, వీపు వణకును; వేడిగాలి పోయి కప్పునకు అంటుకొనును. నేల వెచ్చగా నున్నచో ముందు పాదములు, పిమ్మట తక్కిన దేహము సుఖపడును. ఈ రహస్యము క్రొత్తది కాదు. ప్రాచీన రోమనులు ఇటుకల పొట్టిస్తంభములపై నేలను నిలిపి, దాని క్రిందుగా నిప్పువేడిని ప్రవహింపజేసిరి. కొరియావారు వంటపొయ్యి పొగను రాతినేల క్రింది సొరంగములగుండ నడపి, ఆవలి ప్రక్క గొట్టమునుండి బయటికి విడిచిరి. ఆ ఏర్పాటునకు ఓండోల్ అని పేరు. ఆ నేలపైననే కూర్చుందురు, భుజింతురు, నిద్రింతురు. లడఖ్‌లోని పాత ఇండ్లలో పశువులకు క్రింది అంతస్తున చోటిచ్చి మనుష్యులు పైన నివసించుట ఆచారము. పశువుల దేహములనుండి పుట్టు వెచ్చదనము వృథాగా పోవునా!

అయితే రోమనులకైనను కొరియావారికైనను ఏదో ఒకటి కాల్చక తప్పలేదు. కట్టె వలెను, దానిని కొట్టు చేయి వలెను. సూర్యుడు కూలి అడుగడు. కాని పగలు వచ్చి, చలి ముదురు వేళకు వెడలిపోవును. కావున ఎండను పట్టుట పెద్ద చిక్కు కాదు. తెల్లవారువరకు దానిని నిలువచేయుటయే చిక్కు.

ఆ చిక్కును విప్పుటకు 1948వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, డోవర్ అను ఊర, ఒక గొప్ప ప్రయత్నము జరిగెను. అమీలియా పీబాడీ అను శిల్పి ధనమిచ్చెను. ఎలియనార్ రేమండ్ ఇంటికి నమూనా గీసెను. హంగేరీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన శాస్త్రజ్ఞురాలు మేరియా టెల్కెస్ వేడిని దాచు ఉపాయము చెప్పెను. ముగ్గురును స్త్రీలే. టెల్కెస్ ఎన్నుకొన్నది గ్లాబరు ఉప్పు. అది సుమారు 32 డిగ్రీల వద్ద కరగును. కరుగునప్పుడు మిక్కుటమైన వేడిని మ్రింగి, మరల గడ్డకట్టునప్పుడు ఆ వేడినే విడుచును. కొద్దిచోట ఎక్కువ వేడి దాచుటకు ఇంతకంటె చక్కని పదార్థము దొరకదనిపించును. గదుల నడుమ గూళ్లలో ఆ ఉప్పును డబ్బాలలో పోసి నిలిపిరి. మొదటి రెండు చలికాలములు ఇల్లు వెచ్చగా గడచెను. మూడవ చలికాలమునకు ఉప్పు మాట తప్పెను. మాటిమాటికి కరగి గడ్డకట్టుటలో దాని బరువైన పాలు అడుగునకు చేరి, నీటిపాలు పైన తేలి, రెండును మరల సరిగా కలియవయ్యెను. తుదకు ఆ ఇంటికి మామూలు పొయ్యియే దిక్కయ్యెను. దీనిని టెల్కెస్ ఓటమి యనుట న్యాయము కాదు. ఆమె వేసిన ప్రశ్నపై శాస్త్రజ్ఞులు నేటికిని పని చేయుచున్నారు. కాని చలిలో వణకు సంసారము శాస్త్రము పండువరకు వేచియుండజాలదు గదా!

ఇక హారీ థామసన్ సంగతి. ఆయన వృత్తిచేత పేటెంట్ల న్యాయవాది. ఒక వేసవిదినమున అకస్మాత్తుగా వాన కురియగా ఆయన ఒక పాత కొట్టము చూరుక్రిందికి పరుగెత్తెనట. ఎండకు కాగియున్న రేకులమీదుగా జారి తనపై పడిన వాననీరు వెచ్చగా తగిలెనట. రేకుల చూరుక్రింద నిలిచి వాననీరు తలపై పడినవారు లోకమున లక్షలమంది యుందురు. ఆ నీటిని పట్టి దాచినచో ఏమగునని ఆలోచించినవారు ఎందరు?

1959వ సంవత్సరమున వాషింగ్టన్ నగరపు శివారున ఆయన తన ఇంటిని, చాలభాగము స్వహస్తములతో, కట్టుకొనెను. అచ్చట మంచు కురియును. చలి కొన్ని నెలలుండును. దక్షిణమునకు వాలిన కప్పుపై ముడతల అల్యూమినియము రేకులు పరచి నల్లరంగు పూసెను. వానిపై అద్దములు కప్పెను. ఆ పరపు వైశాల్యము సుమారు 840 చదరపు అడుగులు. కప్పు కొనపొడవున చిన్న చిన్న రంధ్రములు గల గొట్టమును అమర్చెను. ఎండ కాయుచున్నంతసేపు చిన్న పంపు ఒకటి నేలమాళిగలోని నీటిని ఆ గొట్టమునకు ఎక్కించుచుండును. నీరు రేకు ముడతల పల్లములలో సన్నని ధారలై జారి, వేడెక్కి, క్రింది దోనెలో కూడి, మరల నేలమాళిగలోని తొట్టికి చేరును. ఎండ తగ్గినంతనే పంపు ఆగును. కప్పుపై నున్న నీరంతయు తనంతట తానే క్రిందికి దిగిపోవును. చలిదేశమున ఇది చిన్న సంగతి కాదు. గొట్టములలో నిలిచిన నీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బినచో గొట్టములు పగులును. నిలువయే లేనప్పుడు పగులునది యేమున్నది?

తొట్టిలో పట్టు నీరు 1,600 గ్యాలనులు, అనగా ఇంచుమించు 6,000 లీటర్లు. తొట్టి చుట్టును పిడికెడేసి రాళ్లు 50 టన్నులు పోసిరి. తొట్టినుండి వేడి రాళ్లకు ప్రాకును. ఇల్లు చల్లబడినప్పుడు పంకా తనంతట తాను తిరిగి, రాళ్ల సందులగుండ గాలిని త్రోసి, వెచ్చబడిన గాలిని క్రిందినుండి గదులలోనికి పంపును. ఏర్పాటంతయు ఇంతే.

రాళ్లలోను నీటిలోను ఎంత వేడి నిలుచునో ఎవరైనను కాగితముపై లెక్కవేసికొనవచ్చును. కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలోకాలరీ వలెను. కిలో రాతికి అందులో అయిదవ వంతు చాలును. అమెరికా టన్నులు 50 అనగా సుమారు 45,000 కిలోలు. కావున రాళ్లకు 9,000, నీటికి 6,000, మొత్తము డిగ్రీకి 15,000 కిలోకాలరీలు. ఇరువది డిగ్రీలు చల్లారునంతలో 3 లక్షలు. బాగుగా ఎండిన కట్టెలు 85 కిలోలు మండినచో వెలువడు వేడి ఇంచుమించు అంతే. రెండుమూడు మబ్బుదినములు గడచుటకు ఆ నిలువ చాలును. తొట్టిలోని నీరు సలసల కాగనక్కరలేదు. స్నానపునీటి వేడి చాలును. అంతకంటె తగ్గినను ఎంతో కొంత పనికివచ్చును. గ్లాబరు ఉప్పు ముందు రాయి మొరటుదే. కాని రాయి విరిగిపోదు, మాట తప్పదు, ఏ చలికాలమునను అలిగి అడుగున కూర్చొనదు.

థామసన్ గడుసువాడు. మబ్బులు వదలనప్పుడు వాడుటకు నూనెపొయ్యి నొకదానిని కూడ ఉంచుకొనెను. 1959–60 చలికాలమంతయు దానికి పట్టిన నూనె ఖరీదు 4 డాలర్ల 65 సెంట్లు. ఆనాటి మారకపు ధరలో సుమారు 22 రూపాయలు. అది చిన్న మొత్తమే. అయినను ఆ ఇంట ఆ నూనె తోడుపొయ్యికి మాత్రమే పట్టెను. సంసారము సూర్యునితోనే నడచెను.

లోపములు లేకపోలేదు. ధారలుగా జారు నీటినుండి లేచిన ఆవిరి అద్దము లోపలివైపున చెమ్మయై నిలిచి కొంత వేడిని అపహరించును. పంపునకు, పంకాకు విద్యుత్తు వలెను. తొట్టి కారినచో రాళ్లగుట్టలో తడి చేరి దుర్గంధము పుట్టవచ్చును. అన్నింటికంటె ముఖ్యము: 50 టన్నుల రాయి అనగా అయిదారు లారీల బరువు. పాత ఇంటిక్రింద ఆ బరువును నింపదలచినవాడు ముందుగా పునాది సంగతి తెలిసిన మేస్త్రీని అడుగవలెను. ఇట్టి పనులలో ఉత్సాహము మంచిదే గాని అది పునాదిరాయి కాజాలదు.

1973వ సంవత్సరమున చమురుధర మండినప్పుడు ఇట్టి ఇండ్లపై లోకమునకు మక్కువ పెరిగెను. ధర దిగినప్పుడు మక్కువయు దిగెను. నేడు విద్యుత్తును పుట్టించు పలకలు చౌకయై ఇంటికప్పుల నాక్రమించుచున్నవి. అయినను లడఖ్‌లో దక్షిణపు గోడకు గాజుగదిని చేర్చి, పగటి ఎండను మట్టిగోడలలో దాచి రాత్రి గడుపు ఇండ్లు నేటికిని కట్టబడుచున్నవి.

థామసన్ ఇంటి సంగతి ఒకటి మిగిలినది. వేసవిలో ఆయన ఏర్పాటును తలక్రిందు చేసెను. రాత్రివేళ నీటిని అద్దములు లేని ఉత్తరపు కప్పుపై జారనిచ్చి, చల్లారిన నీటిని తొట్టికి చేర్చెను. అవే రాళ్లు ఈసారి చల్లదనమును దాచుకొని, మరునాటి పగలు అదే పంకాగాలితో గదులకు అందించెను. సాయంకాలము మేడపై నాలుగు బిందెల నీరు కుమ్మరించువారికి ఈ పని క్రొత్తగా తోచదు.