చిరునవ్వు



“నవ్వు నాలుగు విధాల చేటు” అని మన పెద్దలు చెప్పుదురు. దొరవారిసత్రము ప్రాంతమున పుట్టి పెరిగిన నేనును ఈ సామెతను చిన్ననాటనుండి వినియుంటిని. ఇంటి పెద్ద నవ్వినచో పిల్లలకు చులకన యగుననియు, గంభీరముగా నున్నచో మాట చెల్లుననియు నమ్మి బహుకాలము గడపితిని. అందువలన నాకు గలిగిన నష్టమును, పిదప నేను తెలిసికొన్న సంగతిని నేడు మీకు మనవి చేసికొందును.

కొన్ని యేండ్ల క్రిందట నా భార్య గతించినది. నాటినుండి నా ముఖము ముడుచుకొనిపోయినది. ఎవరిని కసరుకొనలేదు, కాని నేను ఇంటిలోనికి రాగానే అందరి మాటలును ఆగిపోయెడివి. ఒకనాడు అయిదేండ్ల మనుమరాలు పలక పట్టుకొని గుమ్మము దగ్గరనే నిలిచి, “తాతా, నామీద కోపమా?” అని యడిగినది. నాకున్నది దుఃఖమే గాని కోపము కాదు. ఆ పసిదానికి నా ముఖమున రెంటికిని భేదము కనబడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాటి యుదయమున నేలపట్టు చెరువుగట్టుకు పోయితిని. అది గూడబాతులు పిల్లలను పెంచు శీతకాలము. ఒక పిల్ల తల్లి గొంతుసంచిలో తల దూర్చి మేతకై పెనుగులాడుచుండెను. దానిని చూచుచుండగా నాకు తెలియకుండగనే పెదవులు కదలినవి. ప్రక్కనున్న మిత్రుడు, “ఇన్నాళ్లకు నవ్వినావన్నా!” అనెను. గుండె బరువు కొంత తగ్గినట్లు తోచినది.

మనసు సంతోషించినచో ముఖము నవ్వుననుట అందరెరిగినదే. ముఖము నవ్వినచో మనసు సంతోషించునా? భావమును బాహ్యముగా ప్రకటించినచో అది బలపడుననియు, అణచినచో మెత్తబడుననియు చార్లెస్ డార్విను 1872లో వ్రాసెను. 1988లో కొందరు పరిశోధకులు, కలమును పలువరుసతో పట్టుకొన్నవారికి హాస్యచిత్రములు ఎక్కువ వినోదము నిచ్చినవని ప్రకటించిరి. అట్లు పట్టినపుడు ముఖము నవ్వినట్లుండును. 2016లో పదునేడు ప్రయోగశాలలవారు మరల చేసి చూడగా ఆ ఫలము రాలేదు. తుదకు 2022లో, 19 దేశములలో 3,878 మందిని పరీక్షించిన ఫలితము వెలువడినది. కోరి నవ్వుముఖము పెట్టినవారికి సంతోషము కొంచెము పెరిగినది. కలము పరీక్ష మాత్రము అప్పుడును నిశ్చయముగా తేలలేదు. కావున లాభము స్వల్పమే, కాని లేకపోలేదు.

మరి మన సామెత మాట యేమి? భరతుని నాట్యశాస్త్రము నవ్వును స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు విధములుగా విభజించినది. దంతములు కనబడక చెక్కిళ్లు కొంచెము వికసించునది స్మితము; అది ఉత్తముల నవ్వని అందు చెప్పబడినది. సామెత హెచ్చరించినది ఎదుటివాని నొప్పించు ఎగతాళి నవ్వును గూర్చియే యని నా యభిప్రాయము. చిరునవ్వు వలన పెద్దరికమునకు లోపము లేదు.

అయితే దుఃఖములో నున్నవానిని “నవ్వుము” అని నిర్బంధింపరాదు. వారముల తరబడి నిద్రాహారములు తప్పి మనసు క్రుంగియున్నవానిని వైద్యునికి చూపవలెను. చిరునవ్వు దానికి మందు కాదు.

ఆనాటి సాయంకాలము నేను ప్రయత్నపూర్వకముగా నవ్వి మనుమరాలిని పిలిచితిని. మొదట అది పెదవులమీది నవ్వే. బిడ్డ నమ్మీనమ్మక దగ్గరకు వచ్చి పలక చూపినది. దానిమీద ‘త’కు దీర్ఘము తలక్రిందులుగా వ్రాసి, “ఇది నువ్వే” అన్నది. అప్పుడు వచ్చినది నిజమైన నవ్వు.

నా దుఃఖము పోలేదు. మా యిల్లు మాత్రము మరల మాటలాడుచున్నది. పెద్దలారా, రేపు ఉదయమున మీ గుమ్మములో మొదట కనబడిన బిడ్డను చిరునవ్వుతో పలుకరింపుడు. సెలవు.