తెల్ల పత్తిలో నాన్న ముఖం



ఫొటోల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను స్టూడియో నడిపినవాణ్ణి కాను. ఒక ఫొటో చెడగొట్టుకున్నాక నేర్చుకున్నవాణ్ణి.

2012లో డిజిటల్ కెమెరా కొని ఊరు వెళ్లాను. పత్తి తొలి తీతకొచ్చింది. నాన్న తలపాగా చుట్టుకుని చేను మధ్య నిలబడ్డారు. ఆటోలో పెట్టి నొక్కాను. తెల్లటి పత్తి బూడిదరంగులో, నాన్న ముఖం చీకటిగా వచ్చాయి. "ఇందులో నేనెక్కడున్నాన్రా?" అని నవ్వారు. మళ్లీ తీద్దాంలే అనుకున్నాను. మరుసటేడు పత్తి పగిలేనాటికి ఆయన లేరు. కంప్యూటర్లో ఎంత వెలుగు పెంచినా మచ్చలే తేలాయి గానీ ముఖం తేలలేదు.

తర్వాత తెలిసింది. కెమెరాలోని మీటరు ఎదురుగా ఉన్నదంతా నడిమి బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. తెల్ల పత్తి నిండుగా కనిపిస్తే వెలుగు ఎక్కువైందని తగ్గించేస్తుంది. దానికి పత్తీ నాన్నా ఒకటే. ఎవరు ముఖ్యమో చెప్పాల్సింది మనం. అందుకే డయల్ 'ఎం' మీదికి, అంటే మాన్యువల్‌కి తిప్పాను.

మొదట మూడు అంకెలూ గందరగోళమే. అప్పుడు ఎనిమిదో తరగతిలో సైన్సు మాస్టారు అట్టపెట్టెతో చేయించిన సూదిబెజ్జం కెమెరా గుర్తొచ్చింది. బెజ్జం పెద్దదైతే వెలుగు పెరుగుతుందన్నారు. ఎపర్చరు ఆ బెజ్జమే. అది ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పేది షట్టరు. వచ్చిన వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పేది ఐఎస్ఓ.

నిండు ఎండలో ఐఎస్ఓ 100, షట్టరు 1/125, ఎపర్చరు ఎఫ్/16తో మొదలుపెట్టండి. ముఖం తలపాగా నీడలో ఉంటే ఎఫ్/11, ఎఫ్/8కి రండి. ఒక్కో మెట్టుకూ వెలుగు రెట్టింపవుతుంది. మిరప కల్లంలో మాత్రం జాగ్రత్త. వెలుగు మితిమీరితే ఎరుపంతా ఒకే ముద్దయి, కాయ మీది ముడతలు కనపడవు. అక్కడ ఒక మెట్టు తగ్గించండి.

సభ అయ్యాక వేపచెట్టు కింద గ్రూపు ఫొటో ఉంది. గురువులు ముందు వరుసలో కూర్చోవాలి. వారి ముఖాలకే వెలుగు లెక్క కడతాను. వెనక ఆకాశం తెల్లబోతే పోనీండి. ఈసారి 'మళ్లీ తీద్దాంలే' అనను. మీరు కాస్త కదలకుండా ఉంటే చాలు.

సెలవు.