చేలో చేప ఏమైంది?



లోకంలో 30 వేలకు పైగా చేప జాతులున్నాయి. సముద్రం నుంచి గోదావరికి ఎదురీదేది పులస. నీళ్లు అడుగంటినా పైకొచ్చి గాలి పీల్చి బతికేది కొర్రమీను.

ఒకప్పుడు మన వరిచేలల్లో, పంటకాలువల్లో జెల్లలు, పరిగెలు దొరికేవి. కూలికి పోయే ఇంట్లోనూ చేపల పులుసు కాగేది. ఇప్పుడు చెరువుల్లో పెంచేది ఎక్కువగా బొచ్చె, శీలావతే. డబ్బుంటేనే కూర.

చేలో చేప పోవడానికి మనం కొట్టిన పురుగుమందూ ఒక కారణమే. ఒప్పుకుందాం. మందు డబ్బాలు కాలువలో కడగొద్దు. మందు కొట్టిన మడి నీళ్లు వెంటనే వదలొద్దు. ఊరి చెరువుల ఆక్రమణలు ఆపాలని, నాటు చేపలకు చోటుంచాలని పంచాయతీలను గట్టిగా అడుగుదాం. చేప బతికే నీళ్లే మన పశువులు తాగే నీళ్లు.