బెజవాడ, వాల్తేరు, గుంటూరు: ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి నడక

కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు చెప్పగానే సాహిత్యలోకం ‘కవిత్వతత్త్వ విచారము’ను తలుస్తుంది. ఆయన ఆయుర్దాయంలో పెద్ద వాటా తీసుకున్నది మాత్రం ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను.

విశాఖలో పుట్టిందనుకుంటాం గానీ, 1926లో అది మొదలైంది బెజవాడలో. కేంద్రం మా ఊళ్ళో ఉండాలంటే మా ఊళ్ళో ఉండాలని పట్టణాలు పంతాలకు పోయాయి. చివరికి 1930లో వాల్తేరు మెట్టకు చేరింది. అదే ఏడు ఉప్పు సత్యాగ్రహంపై ప్రభుత్వం లాఠీ ఎత్తింది. ఆ దమననీతికి నిరసనగా వ్యవస్థాపక ఉపాధ్యక్షులైన రెడ్డిగారు పదవి వదిలేశారు. నిలదొక్కుకోని సంస్థను విడిచి వెళ్ళడం ఆయనకెంత కష్టమై ఉంటుందో! నా దృష్టిలో ఈ విశ్వవిద్యాలయానికి అసలైన శంకుస్థాపన ఆ రాజీనామాయే.

1931లో ఆ పదవిలోకి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు వచ్చారు. ప్రాంతం చూడలేదు, భాష చూడలేదు. చదువు చూసి యువకులను పిలిచారు. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటివారు వాల్తేరులో పాఠాలు చెప్పారు. రసాయనశాస్త్రాన్ని టి.ఆర్. శేషాద్రిగారు పెంచారు. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష! సైన్సు కళాశాల ఆయన పేరే పెట్టుకుంది. 1933లో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చి ఉపన్యాసాలిచ్చారు. 1936లో రెడ్డిగారు తిరిగి వచ్చి 1949 దాకా నడిపారు. గణితంలో ఎమ్మే ఇక్కడే చదివిన కుర్రాడొకరు 1940లో పట్టా పుచ్చుకున్నారు. సంఖ్యాశాస్త్రంలో ప్రపంచం గౌరవించే సి.ఆర్. రావుగారు ఆయనే.

ఇంతలో యుద్ధం. ప్రాంగణాన్ని సైన్యం తీసుకుంది. పరిషత్తు గుంటూరు తరలింది. భవనాలు పోయినా తరగతులు ఆగలేదు. మన చరిత్రకారులు ఆ గుంటూరు రోజులను రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. నాకది బాధ.

ఇప్పుడు వాల్తేరు వెళితే ఇన్‌గేటు, అవుట్‌గేటు దగ్గర సిటీ బస్సులు దిగే పిల్లల్లో శ్రీకాకుళం పల్లెలవాళ్ళు, మన్యంవాళ్ళు కనిపిస్తారు. చాలామందికి ఇంట్లో డిగ్రీ దాటినవారు తామే మొదటివారు. వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి. అదే గ్రంథాలయంలో గ్రూప్స్ పరీక్షలకు నోట్సు రాసుకుంటూ పొద్దుపోయేదాకా కూర్చునే అమ్మాయిలూ అబ్బాయిలూ ఉన్నారు. హాస్టల్ గదిలో కుదరని చదువు వాళ్ళకు అక్కడ కుదురుతుంది. గ్రంథాలయానికి ఇచ్చే ప్రతి రూపాయీ వాళ్ళకే చేరుతుంది కనుక, ఆ పద్దులో కోత పెట్టవద్దని ఈ వేదిక నుంచి అడుగుతున్నాను.

గుంటూరు విషయం ఒక్కటి మిగిలింది. యుద్ధకాలంలో నీడనిచ్చిన ఆ ఊరికి 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే నల్లపాడులో పీజీ కేంద్రం తెరిచింది. 1976లో అది నాగార్జున విశ్వవిద్యాలయమైంది.