పదహారు మాటల కవితకు అర్థం ఏమిటి?
(సాహిత్య వేదికలో చేసిన ప్రసంగానికి వ్యాసరూపం)

వృత్తిరీత్యా నేను ఇంజనీరుని. సాహిత్యం విషయంలో కేవలం పాఠకుణ్ణి. "మీకు పది నిమిషాలే" అని నిర్వాహకులు ముందే హెచ్చరించారు. నేను చెప్పబోయే కవితలో ఉన్నవి పదహారు మాటలే కనుక ఇబ్బంది లేదు.

ఆ కవిత పేరు 'ది రెడ్ వీల్‌బారో'. రాసినవాడు విలియం కార్లోస్ విలియమ్స్. 1923లో వచ్చిన 'స్ప్రింగ్ అండ్ ఆల్' అనే పుస్తకంలో ఉంది. అందులో ఒక ఎర్రటి ఒంటిచక్రం తోపుడుబండి, దాని మీద వాన తడి, పక్కన కోళ్ళు. దీని మీద ఎంతో ఆధారపడి ఉందని మొదట్లోనే అంటాడు. ఏమిటి ఆధారపడి ఉంది, ఎవరికి, అన్నది మాత్రం చెప్పడు. అంతటితో అయిపోతుంది.

2006లో మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఈ కవిత తెచ్చి, "నాన్నా, దీనికి అర్థం ఏమిటి?" అని అడిగింది. ప్రతిపదార్థం, తాత్పర్యం, అలంకారం రాసి మార్కులు తెచ్చుకున్న తరం మనది. అర్థం లేదంటే పరువు పోదూ! ఎక్కడో విన్న కథ ఒకటి చెప్పాను. విలియమ్స్ డాక్టరు కదా, జబ్బుపడ్డ ఒక పాప పక్కన కూర్చుని కిటికీలోంచి ఆ బండిని చూస్తూ రాశాడని. మర్నాడు అమ్మాయి బడి నుంచి వచ్చి, "మరి కవితలో పాప ఎక్కడుంది నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెట్టాను. 1912 ప్రాంతంలో లండన్‌లో ఎజ్రా పౌండ్, హెచ్.డి., రిచర్డ్ ఆల్డింగ్టన్ కలిసి ఇమేజిజం అనే పద్ధతి మొదలుపెట్టారు. వస్తువును సూటిగా చూపించాలి, పనికిరాని మాట ఒక్కటీ ఉండకూడదు, నడక గడియారం టిక్కుటిక్కులా కాక పాటలా సాగాలి. ఇవీ వాళ్ళ నియమాలు. పారిస్ మెట్రో స్టేషనులో చూసిన ముఖాల గురించి పౌండ్ మొదట ముప్ఫై పాదాలు రాసి చించేశాడు. ఏడాదిన్నర తర్వాత మిగిలింది రెండు పాదాలు.

ఇదంతా మనకు కొత్తా అంటే, పూర్తిగా కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడాన్ని మనవాళ్ళు స్వభావోక్తి అన్నారు. దండి తన 'కావ్యాదర్శం'లో అలంకారాల వరసలో దానికే మొదటి చోటు ఇచ్చాడు. శాతవాహన రాజు హాలుడి పేరు మీదున్న 'గాథాసప్తశతి'లో పల్లెటూరి ఇళ్ళు, పొలాలు, అత్తాకోడళ్ళు చిన్న చిన్న గాథల్లోనే కనిపిస్తారు. మన కాలానికి వస్తే ఇస్మాయిల్ గారి హైకూల పుస్తకం 'కప్పల నిశ్శబ్దం' ఉంది. దొరికితే తప్పక చదవండి.

మళ్ళీ ఆ బండి దగ్గరకు వద్దాం. విలియమ్స్ న్యూజెర్సీలోని రూథర్‌ఫర్డ్‌లో నలభై ఏళ్ళు వైద్యం చేశాడు. మన ఎడిసన్ నుంచి కారులో గంట కూడా పట్టదు. ఆ కవిత మార్షల్ అనే ముసలి నల్లజాతీయుడి మీద అభిమానంతో పుట్టిందని, ఆయన పెరట్లోనే ఆ బండినీ కోళ్ళనూ చూశానని 1954లో విలియమ్సే రాశాడు. ఆ మార్షల్ ఎవరో 2015లో తేలింది. పూర్తిపేరు థాడియస్ మార్షల్. వీధుల్లో కూరగాయలు అమ్ముకుని బతికినవాడు. సమాధి మీద రాయి కూడా లేకపోతే ఆ ఏడాదే పెట్టారు. అలాంటి మనిషికి పెరట్లోని బండి మీద, కోళ్ళ మీద ఎంత ఆధారపడి ఉంటుందో వేరే చెప్పాలా? అయితే ఈ సంగతి తెలియకముందే, తొంభై ఏళ్ళపాటు, జనం ఆ కవిత దగ్గర ఆగారు. ఎవరో అక్కడ నిలబడి శ్రద్ధగా చూశారన్నది ఆ మాటల్లోనే తెలుస్తోంది కనుక ఆగారు.

ఇప్పుడు నా సొంత విషయం ఒకటి. నేను 1988లో ఈ దేశం వచ్చాను. గ్రీన్‌కార్డు కాగితాలు నడుస్తున్నాయని నాలుగేళ్ళు ఇండియా వెళ్ళలేదు. తెనాలి దగ్గర మా ఊరి నుంచి అమ్మ ఉత్తరాలు రాసేది. 1991లో రాసినదాంట్లో మూడు వాక్యాలున్నాయి: "వసారాలో నీ నులకమంచం జల్లుకి తడుస్తోందని లోపలికి వేయించాను. నులక వదులైంది. బిగించమని చెప్పాను." నేను ఆ వాక్యాలు దాటేసి నాన్న బీపీ ఎంతుందో వెతుక్కున్నాను. జవాబులో డబ్బు అందిందా అని అడిగాను.

1992లో వెళ్ళేసరికి అమ్మ లేదు. పన్నెండో రోజుకు అందుకున్నాను. ఆ మంచం మీదే పడుకున్నాను. నులక బిగువుగా ఉంది. అప్పుడు కూడా ఆ ఉత్తరం గుర్తు రాలేదు.

2006లో, అమ్మాయి ఆ ప్రశ్న అడిగిన వారానికి, పాత పెట్టె దించి ఉత్తరాలు మళ్ళీ చదివాను. ఇంట్లో ఆ మంచం మీద పడుకునేవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు. "ఎప్పుడొస్తావురా" అని అమ్మ ఒక్కసారీ రాయలేదు. మంచం బిగించమని చెప్పానని రాసింది. అందులో దాచిపెట్టిన అర్థం ఏమీ లేదు. నేను చూడలేదు, అంతే.

అందుకే చిన్న కవిత కనిపిస్తే "దీని అర్థం ఏమిటి?" అని నేనిప్పుడు ముందే అడగను. ఆ వస్తువును కాసేపు చూస్తాను. ఎవరు, ఎక్కడ నిలబడి చూశారు, ఎందుకు ఆగారు అని ఆలోచిస్తాను. అప్పటికీ ఏమీ తోచకపోతే మర్నాడు మళ్ళీ చదువుతాను.

మన ఇళ్ళల్లో పాత ఉత్తరాలు ఇంకా ఉండే ఉంటాయి. ఊరు వెళ్ళాక ఒకసారి ఆ పెట్టె దించండి. వాతావరణం గురించి, గేదె గురించి, పెరటి చెట్టు గురించి రాసిన వాక్యాలు దాటేయకుండా చదవండి. అమ్మానాన్నలు ఉన్నవాళ్ళు ఫోనులో "ఇంకేంటి విశేషాలు?" అన్నాక వాళ్ళు చెప్పేది చివరిదాకా వినండి.

పది నిమిషాలూ అయిపోయాయి.