పడవ బ్యాటరీ ఛార్జింగ్ – మన జాగ్రత్త మన చేతుల్లోనే



మా సంఘం లోను తీసుకుని చేపల చెరువులో మేత వేసే పడవకి బ్యాటరీ మోటారు పెట్టుకున్నాం. డీజిల్ ఖర్చు లేదు, చప్పుడూ లేదు. కానీ ఛార్జింగ్ ఎలా పెట్టాలో మేం సరిగా తెలుసుకోలేదు. నేనైతే వంటింట్లోనే పెట్టేదాన్ని. ఒకరోజు స్విచ్ ఆపకుండా క్లిప్పు లాగాను. నిప్పురవ్వ లేచి, మూత టప్పున ఎగిరింది. యాసిడ్ పడి చీరంతా చిల్లులు. మొహం పక్కకి తిప్పి ఉండబట్టి కళ్లు దక్కాయి. ఆ తప్పు మీరు చెయ్యకూడదనే చెబుతున్నాను.

లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ గ్యాసు వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. గాలిలో నూటికి 4 పాళ్లు చేరితే చాలు, చిన్న రవ్వకే అంటుకుంటుంది. అందుకని వాన తగలని, గాలి బాగా ఆడే వసారాలో పెట్టండి. పొయ్యి, దీపం, బీడీ దగ్గరికి రానివ్వకండి. పిల్లల్నీ రానివ్వకండి.

ముందు క్లిప్పులు పెట్టాలి, ఎర్రది ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. తర్వాతే స్విచ్ వెయ్యాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి, తర్వాతే క్లిప్పులు తియ్యాలి.

మన ఆడవాళ్లకి ఇంకో మాట. బంగారు గాజులు, గొలుసు, ఉంగరం తీసి పక్కన పెట్టండి. రెండు కొసలకీ లోహం తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చెయ్యి కాలుతుంది. మంగళసూత్రాన్ని జాకెట్టు లోపలికి వేసుకోండి. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోండి.

నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే లోపలి ప్లేట్లు ఎప్పుడూ మునిగి ఉండాలి. పూర్తి మట్టం వరకు పోసేది ఛార్జింగ్ అయ్యాకే. డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, బోరు నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు. 100 ఏహెచ్ బ్యాటరీకి 10 ఆంపియర్ల ఛార్జరు సరిపోతుంది. సగం కంటే ఎక్కువ దిగనివ్వకండి, పని అయిన రోజే ఛార్జింగ్ పెట్టండి. ఖాళీగా వదిలేస్తే బ్యాటరీ పాడవుతుంది, లోను కిస్తీ మాత్రం ఆగదు.

యాసిడ్ కంట్లో పడితే నలపకండి. కనీసం 15 నిమిషాలు మంచినీళ్లు ధారగా పోస్తూ కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పాత బ్యాటరీని పగలగొట్టకండి, అందులోని సీసం పిల్లలకి విషం. కొట్లోనే తిరిగి ఇచ్చేయండి.

చీర పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. కళ్లు కొనుక్కోలేం కదమ్మా. సెలవు.