జలములందలి లోహములు – మత్స్యముల యారోగ్యము
(పంజాగుట్టలో జరిగిన వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చి మాటలాడుడని కార్యదర్శిగారు మాకు సెలవిచ్చిరి. ముప్పదియేండ్లు పిల్లలచే శబ్దమంజరి వల్లె వేయించిన మాకు ఆ విషయము సహజమే. కాని గంగపుత్రులమని చెప్పుకొను మనము గంగ యేమైనదో విచారింపక తక్కిన విషయములను గూర్చి యుపన్యసించుట తగదని తోచి, వారి యనుమతితోనే విషయమును మార్చుకొంటిమి.

బంజారా, కూకట్‌పల్లి, పికెట్, బల్కాపూరు నాలాలు నాలుగును హుస్సేనుసాగరమున పడుచున్నవి. ఇబ్రాహీం కులీ కుతుబ్ షా కాలమున, 1562 ప్రాంతమున కట్టబడిన యీ తటాకము, గండిపేట (1920), హిమాయతుసాగరము (1927) ఏర్పడుదాక నగరమునకు త్రాగునీ రొసగినది. తరువాత బాలానగరు, జీడిమెట్ల మొదలగు చోట్ల పరిశ్రమలు వెలసినవి. వాని మురుగు కూకట్‌పల్లి నాలాద్వారా ఏండ్లతరబడి యిందు చేరినది. వినాయక ప్రతిమల రంగులలోని సీసము మొదలగునవి కొంత తోడైనవి. ఈ మాట కొందరికి రుచింపదని యెరుగుదుము. ప్రతిమను మట్టితో చేసి రంగు పూయకున్నచో భక్తికి లోటేమియు లేదు.

ఇతర మలినములు కుళ్ళి నశించును. లోహము నశింపదు, అడుగున బురదలో దాగి కదలినప్పుడెల్ల మరల నీటికెక్కును. పారదమును, నాగమును, అనగా పాదరసమును, సీసమును, శోధన చేయక ప్రయోగింపరాదని మన రసశాస్త్రము శాసించినది. ఆ నియమము వైద్యునకే కాని యంత్రశాలకు పట్టలేదు.

చేపకు మొప్పలే యూపిరి. నీటిలో రాగి, తుత్తునాగము మితిమీరినచో మొప్పల పొరలు వాచి, జిగురు మిక్కిలిగా నూరి వానిని కప్పును. చుట్టును నీరుండగనే చేప యూపిరాడక పైకివచ్చి నోరు తెరచును. దాని రక్తములోని లవణములు వెలికి జారిపోవును. కాడ్మియము, సున్నపుధాతువు దేహమున ప్రవేశించు ద్వారముననే దూరును. అందుచే చేపకు ఆ ధాతువు చాలక, మూత్రపిండములును చెడును. సీసము నెత్తురు పుట్టుటకు అడ్డుపడును. చిరకాలము సీసపు నీటనున్న చేపలకు తోక నల్లబారుట, వెన్ను వంగుట శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పెద్ద చేప తాళుకొన్నను పిల్లలు తాళలేవు. సున్నము తక్కువైన నీటను, పుల్లని నీటను ఈ విషము హెచ్చు.

పాదరసపు త్రోవ వేరు. బురదలోని సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసముగా మార్చును. అది నాచునుండి పురుగునకు, పురుగునుండి పరకకు, పరకనుండి కొర్రమీనునకు పోవుచు మెట్టుమెట్టునకు హెచ్చును. 2016లో తెలంగాణ రాష్ట్రమత్స్యమని గౌరవింపబడిన కొర్రమీను మాంసాహారి. కావున ఆ భారము దానిపై నెక్కువగా పడును. మాంసమున చేరిన పాదరసము కడిగినను, వండినను పోదు. జపానుదేశమున మినమాటాలో ఒక రసాయన కర్మాగారపు మురుగునుండి యీ విషము సముద్రపు చేపలకెక్కెను. అచట పిల్లులు వెర్రిగా గంతులువేసి చచ్చెను; 1956లో మనుష్యుల రోగము బయటపడెను. ముందుగా నలిగినవారు మనవంటి జాలరి కుటుంబములవారే.

త్రాగునీటిలో లీటరునకు సీసము 0.01 మిల్లీగ్రాము, పాదరసము 0.001 మిల్లీగ్రాము మించరాదని భారతీయ ప్రమాణము. నీరు ఆ లెక్కలో నున్నను, చేప దేహమున పాదరసము అంతకు వేలరెట్లు చేరవచ్చును. కావున నీటిని మాత్రము పరీక్షించి బాగున్నదనుట, కుండను చూచి కూడు ఉడికినదనుట వంటిది.

ఇచట నొక న్యాయము చెప్పవలెను. చెరువున చేపలు తెప్పలుగా తేలినప్పుడెల్ల లోహమే కారణమనుట సరికాదు. తొలివానకు మురుగు కొట్టుకొనివచ్చి ప్రాణవాయువు తగ్గి చచ్చుటయే తరచు. లోహము సాధారణముగా నట్లు ఒక్కరాత్రిలో చంపదు, క్రుంగదీయును. గట్టున చచ్చిన చేప కనబడనందున అధికారి వ్రాసికొనుటకేమియు నుండదు, నష్టపరిహారము రాదు.

మా మేనమామగారు పటాన్‌చెరు దిక్కున నొక చెరువును తోటివారితో కలసి గుత్తకు తీసికొనిరి. ఎగువ నొక కర్మాగారము మురుగు వదలుచుండెను. చేపలు చావలేదు, పెరుగనులేదు. రెండేండ్లైనను తల పెద్దదియు, ఒడలు సన్ననిదియునై యుండెను; కొన్నింటి వెన్ను వంకరపోయెను. లోహమే కారణమని మేము రుజువు చూపలేము, ఎవరును పరీక్షింపలేదు గనుక. గుత్తసొమ్ము కట్టవలసియుండెను. ఆ చేపలను మేనమామగారు సంతకు పంపిరి; ఇంటిలో మాత్రము వండనీయలేదు. బండి కెత్తించుటకు మేమును చేయివేసితిమి. ఇన్నాళ్ళకు ఈ సభలో చెప్పుచున్నాము.

మా మనవి యిది. ప్రతి సహకార సంఘమును తన చెరువు నీటిని, బురదను, చేప మాంసమును, కాలేయమును ఏటికి రెండుమారులు పరీక్షింప గోరవలెను. కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయము సనత్‌నగరముననే యున్నది. నోటిమాటగా గాక వ్రాతమూలముగా నడుగుడు. పరీక్షలకగు వ్యయమును పోషకులు వహింతురుగాక. ఫలితము వచ్చుదాక శంకగల చెరువుల చేపను అమ్మరాదు. అందువలన పొయ్యి వెలుగని యిండ్లకు మన నిధినుండి బత్తెమీయవలెను. ఇది లేక మొదటిది అడుగుట క్రూరము.

అర్జీ చిత్తుప్రతి కార్యదర్శిగారియొద్ద నున్నది. భోజనములకు లేచుటకు మున్ను చెరువు పేరు, ఊరు పేరు వ్రాసి సంతకములు చేయుడు.